షవర్, టబ్ గోడల్లోని ఫిట్టింగ్‌ల చుట్టూ నీరు దిగకుండా చేయడం: మొదటి నుంచి చివరి దాకా

బాత్రూమ్ గోడకు అవతల బెడ్‌రూమ్‌లో రంగు ఉబ్బి పెచ్చులు లేస్తే మన నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ముందు చేయించేది టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్. అది పనిచేయకపోతే బెడ్‌రూమ్ వైపు పుట్టీ పెట్టించి మళ్లీ రంగు వేయిస్తారు. కొన్నాళ్లకు మచ్చ అక్కడే తేలుతుంది. నీరు టైల్ సందుల్లోంచే దిగుతోందనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. చాలా బాత్రూముల్లో అసలు దారి వేరే ఉంటుంది. షవర్ ఆర్మ్ (గోడలోంచి షవర్ హెడ్‌కు వచ్చే పైపు), వాల్ మిక్సర్ (వేడి, చల్లని నీళ్లు కలిపే ట్యాప్), డైవర్టర్ (నీటిని షవర్‌కో ట్యాప్‌కో మళ్లించేది), స్పౌట్ (నీళ్లు పడే ముక్కు), టవల్ రాడ్ స్క్రూలు, టబ్ ఉంటే దాని ఓవర్‌ఫ్లో (నీరు పొంగకుండా పైన ఉండే కంత), ఇవన్నీ టైల్‌ను కోసి పెట్టినవే. ఆ కోత మీద మెరిసే లోహపు బిళ్ల, అంటే ఫ్లాంజ్, కూర్చుంటుంది కాబట్టి ఎవరి కన్నూ దాని మీద పడదు.

ఒక్కో రంధ్రం దగ్గర నీటిని మూడు చోట్ల ఆపాలి. పైపు మర (థ్రెడ్) దగ్గర ఒకటి, టైల్ వెనక ఉండే వాటర్‌ప్రూఫ్ పూతలో ఒకటి, టైల్ ముఖం మీద ఒకటి. మన దగ్గర శ్రద్ధంతా మూడోదాని మీదే, అంటే ఫ్లాంజ్ చుట్టూ గీసే సిలికాన్ గీత మీదే పెడతారు. ఆ గీత మొదటి రెండూ సరిగ్గా ఉన్నప్పుడే పనికొస్తుంది. పైగా దాన్ని తప్పుగా గీస్తే లీకును ఆపకపోగా దాచిపెడుతుంది. అది ఎలాగో కింద చెబుతాను.

ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి

సుత్తి పట్టుకునే ముందు ఇది చేయాలి. కాస్త ఓపిక పడితే గోడ పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

మొదటి ప్రశ్న వాన గురించి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటి వానలు నెల్లూరులో ఎవరూ మర్చిపోరు. బాత్రూమ్ గోడకు ఒక ముఖం ఇంటి బయటికి ఉంటే, తుపాను గాలికి వాన నేరుగా గోడను కొడుతుంది. మచ్చ ఆ నెలల్లోనే పెరిగి సంక్రాంతి తర్వాత ఆరిపోతుంటే బయటి గోడను, సన్‌షేడ్‌ను, గీజర్ పైపు కోసమో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసమో కొట్టిన రంధ్రాలను చూడాలి. రోహిణి కార్తె ఎండల్లోనూ గోడ చెమ్మగా ఉంటే దోషం బాత్రూమ్‌లోనే ఉంది.

రెండోది, ఆ బాత్రూమ్‌ను రెండు మూడు రోజులు వాడకుండా ఆపండి. ట్యాంకు నుంచి వచ్చే గేట్ వాల్వ్ మాత్రం కట్టేయొద్దు. ఎవరూ స్నానం చేయకపోయినా మచ్చ పెరుగుతోందంటే ఎప్పుడూ నీటి ఒత్తిడి ఉండే లైన్‌లోనే లీకు. అంటే మిక్సర్ వెనక ఎల్బో (పైపు మలుపు ముక్క), యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీరు కట్టేసే చిన్న ట్యాప్) మర, గీజర్ లైన్. వాడకం ఆపితే ఆరుతోందంటే వాడినప్పుడే తడిసే చోట వెతకాలి.

ఇక్కడే చాలామంది ఒక విషయం పట్టించుకోరు. షవర్ ఆర్మ్‌కు వెళ్లే పైపులో మామూలుగా నీటి ఒత్తిడి ఉండదు. డైవర్టర్ తిప్పినప్పుడే అందులోకి నీరు ఎక్కుతుంది. అందుకే గోడ లోపల షవర్ ఆర్మ్ మర లీకైనా, షవర్ వాడిన తర్వాతే గోడ తడుస్తుంది. చూసినవాళ్లు “టైల్స్ మీద నీళ్లు పడ్డప్పుడే వస్తోంది, అయితే సందుల్లోంచే” అని తీర్మానిస్తారు. దీన్ని తేల్చడం తేలిక. షవర్ హెడ్ విప్పి, ఆర్మ్ చివర హాఫ్ ఇంచ్ మూత బిగించి, డైవర్టర్‌ను షవర్ వైపు తిప్పి నీరు వదలండి. టైల్ మీద చుక్క పడదు, కానీ పైపులో ఒత్తిడి ఉంటుంది. అరగంట అలా ఉంచి ఫ్లాంజ్‌ను గోడ నుంచి మీ వైపుకు జరిపి టార్చ్ వేసి చూడండి. కంతలో తడి మెరిస్తే దొంగ దొరికినట్టే. ఈ పరీక్షలో గోడ పొడిగా ఉంటే, ఈసారి ఫ్లాంజ్‌ల మీద పాలిథీన్ కవరు కప్పి అంచులను టేపుతో గట్టిగా అంటించి, హెల్త్ ఫాసెట్‌తో గోడ మీద మాత్రమే నీళ్లు కొట్టండి. అప్పుడు తడిస్తే సందులు, తడవకపోతే ఫ్లాంజ్‌లు.

నేల సంగతి కూడా వదలొద్దు. నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీరు పోయే కంతలో, గుడ్డ కుక్కి, నేల మీద ఒక అంగుళం నీరు నిలబెట్టి రాత్రంతా వదలండి. ఒక రోజుకు ఒక్క పరీక్షే చేయండి. గోడ నీటిని తాగి బయటపెట్టడానికి టైమ్ తీసుకుంటుంది, రెండు పరీక్షలు కలిపేస్తే ఏది ఏదో తెలియదు.

మచ్చ ఉన్న గోడ మీదే బెడ్‌రూమ్ స్విచ్ బోర్డు గానీ గీజర్ పాయింట్ గానీ ఉంటే, ఆ లైన్ ఎంసీబీ ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మిగతావన్నీ తర్వాత.

ఇంకో మాట. ట్యాంకు నీరు ఫిట్టింగ్ కన్నా 3 మీటర్ల ఎత్తులో ఉంటే అక్కడ ఒత్తిడి సుమారు 0.3 బార్. ఇప్పుడు డూప్లెక్స్‌లలో షవర్ జోరుగా రావాలని పెడుతున్న ప్రెషర్ పంపు దాన్ని 2, 3 బార్‌లకు తీసుకెళ్తుంది. ఏళ్ల తరబడి కారని మర, పంపు పెట్టిన నెలలోనే కారడం మొదలైతే ఆశ్చర్యం లేదు. పంపు పెట్టించుకునే ముందే పై పరీక్షలు చేయించుకోవడం మేలు.

కొనాల్సినవి, కొనకూడనివి

సిలికాన్‌లో రెండు రకాలు ఉన్నాయి. గొట్టం నొక్కగానే వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చేది అసిటిక్ రకం. షాపులో “సిలికాన్ ఇవ్వండి” అంటే చౌకగా ఉంటుందని అదే చేతిలో పెడతారు. గాజుకు, గ్లేజ్ టైల్‌కు అది ఫర్వాలేదు గానీ సిమెంట్‌కు, పాలరాయికి, ఇత్తడికి పనికిరాదు. ఫిట్టింగ్‌ల దగ్గర ఇత్తడి, సిమెంట్ రెండూ ఉంటాయి కాబట్టి ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్న శానిటరీ సిలికాన్ అడిగి తీసుకోండి. బూజు పట్టకుండా మందు కలిపినదైతే ఇంకా మంచిది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గోడలకు, గట్లకు వాడినవాళ్లు రాళ్లకు మరక పడని రకమే తీసుకోవాలి. మామూలు సిలికాన్‌లోని నూనె రాయిలోకి ఇంకి అంచు వెంబడి జిడ్డు చార కడితే మళ్లీ పోదు.

ట్యూబు మీద తేదీ చూడండి. మన ఎండలకు షాపు ముందు అట్టపెట్టెల్లో మగ్గిన సిలికాన్ గడువు లోపలే చెడిపోవచ్చు. అలాంటిది గోడకు పూశాక గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. ఒక కాగితం మీద కొంచెం పిండి గంట తర్వాత తాకి చూస్తే సరి.

టెఫ్లాన్ టేపు ఇత్తడి మరలకు. జనపనార దారానికి పెయింటు పూసి చుట్టే పాత పద్ధతి జీఐ (జింక్ పూత ఇనుప) పైపులకు నప్పింది. ఇప్పుడు వేడి నీటికి వేసే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు నూనె పెయింట్లు, పెట్రోలియం గ్రీజు పడవు. అవి తగిలిన చోట పైపుకు నెమ్మదిగా సన్నని పగుళ్లు వస్తాయి.

వైట్ సిమెంట్ ఫిట్టింగ్‌ల చుట్టూ వద్దు. “ఏం కాదులే సామీ, వైట్ సిమెంట్ కొడితే సరిపోద్ది” అని మేస్త్రి అంటాడు, ఆ రోజుకు చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. కానీ వేడి నీటి పైపు కదులుతూనే ఉంటుంది. 3 మీటర్ల సీపీవీసీ లైన్ 40 డిగ్రీలు వేడెక్కితే ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే మళ్లీ ముడుచుకుంటుంది. గట్టిపడిన సిమెంట్ ఆ కదలికను ఓర్చుకోలేదు, పైపు చుట్టూ వెంట్రుకవాసి చీలిక ఇస్తుంది. నీటికి అంతే చాలు. ఎం-సీల్ కూడా అంతే. పైపు పగులుకు తాత్కాలికంగా పనికొస్తుంది గానీ కదిలే సందుకు కాదు.

స్క్రూల దగ్గర పిసినారితనం చేయొద్దు. రాడ్లతో పాటు ప్యాకెట్‌లో వచ్చే తెల్ల పూత స్క్రూలు తుప్పు పట్టి ఉబ్బి, టైల్‌కు గోధుమరంగు చార దించుతాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో 316 రకం పెట్టండి, ఉప్పుగాలికి 304 మీద కూడా మచ్చలు, చిన్న గుంటలు పడతాయి.

కొత్త ఇల్లు కడుతుంటే

ఇప్పుడు చేస్తే చౌక, తర్వాత చేస్తే గోడ పగలగొట్టాలి. అందుకే ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

1. పైపులు గాడిలో కూర్చోబెట్టే ముందే టైల్ ముఖం ఎక్కడికి వస్తుందో లెక్క కట్టాలి. ప్లాస్టరింగ్ 12 నుంచి 15 మిల్లీమీటర్లు, టైల్ అతికే మాలు లేదా అడెసివ్, దాని మీద 8 నుంచి 10 మిల్లీమీటర్ల టైల్. ఇత్తడి ఎల్బో నోరు ఆ ముఖానికి దాదాపు సమంగా రావాలి. ఎల్బో లోపలికి పోయిందంటే ప్లంబర్ ఎక్స్‌టెన్షన్ నిపుల్ (పొడవు పెంచే చిన్న మర ముక్క) వేస్తాడు. అది చాలకపోతే దానికి ఇంకో నిపుల్. ఒక్కో నిపుల్‌తో గోడ లోపల ఒక్కో మర పెరుగుతుంది, అంటే కారే అవకాశం ఒక్కటి పెరిగినట్టు. ఒక్క నిపుల్ దాకా సరే, రెండోది అడిగితే ఎల్బోనే ముందుకు తెమ్మనండి.

2. వాల్ మిక్సర్‌కు వేడి, చల్లని నీటి నోళ్ల మధ్య దూరం మామూలుగా 150 మిల్లీమీటర్లు, రెండూ ఒకే మట్టంలో ఉండాలి. మిక్సర్ కాళ్లు వంకరగా ఉంటాయి కాబట్టి కొద్ది తేడా సర్దుకుంటుంది. తేడా ఎక్కువైతే ఫ్లాంజ్ గోడకు ఏటవాలుగా కూర్చుంటుంది, ఒక పక్క సందు మిగులుతుంది.

3. కన్సీల్డ్ డైవర్టర్ (గోడ లోపల దాచి పెట్టే రకం) బాడీకి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, దాని మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలు. టైల్ ముఖం ఆ రెండు గీతల మధ్య పడాలి. చాలా చోట్ల మేస్త్రి ఆ టోపీని చెత్త అనుకుని తీసి పారేస్తాడు. టైల్స్ అయ్యేదాకా దాన్ని కదిలించనివ్వకండి.

4. అన్ని నోళ్లకూ ఎండ్ ప్లగ్‌లు బిగించి, చేతి పంపుతో లైన్‌కు ఒత్తిడి ఎక్కించి, రాత్రంతా పంపు మీటర్ ముల్లు పడిపోకుండా నిలబడిందో చూడాలి. సీపీవీసీ జిగురు కంపెనీ చెప్పినంత సేపు ఆరాకే ఈ పరీక్ష. షవర్ లైన్ కూడా ఇందులో కలవాలి, డైవర్టర్ అడ్డం ఉందని దాన్ని వదిలేస్తుంటారు.

5. ప్లాస్టరింగ్‌కు ముందు గోడ ఫోటోలు తీయండి. ఫోటోలో టేపు పరిచి ఉంచితే పైపు నేల నుంచి, మూల నుంచి ఎంత దూరమో తర్వాత తెలుస్తుంది. రేపు టవల్ రాడ్ పెట్టించే రోజున ఈ ఫోటో విలువ తెలుస్తుంది.

6. ప్లాస్టరింగ్ ఆరిన తర్వాత రెండు భాగాలు కలిపే సిమెంట్, పాలిమర్ పూత. నేలకు, గోడ అడుగున ఒక అడుగు ఎత్తుకు పూసి ఊరుకుంటారు, అది షవర్ లేని గోడకు చెల్లుతుంది. షవర్ నీళ్లు పడే గోడకు షవర్ ఆర్మ్ దాటి పైదాకా పూయాలి. గోడను ముందు తడిపి, నీరు కారకుండా చెమ్మగా ఉన్నప్పుడు మొదటి పూత, కంపెనీ చెప్పినంత ఆరాక దానికి అడ్డంగా రెండో పూత. పైపు నోటి దగ్గర ఫైబర్ గ్లాస్ జాలీని అరచేతి వెడల్పుకు కత్తిరించి, మధ్యలో పైపు కన్నా కొంచెం చిన్న రంధ్రం చేసి, పైపు మీదుగా బిగుతుగా తొడిగి రెండు పూతల మధ్య అణచాలి. పూత ఇత్తడి నోటి అంచు మీదికి కూడా ఎక్కాలి. రబ్బరు కాలర్లు దొరికితే జాలీ బదులు అవి ఇంకా నయం. మూడు చోట్ల ఆపాలన్నానే, అందులో రెండోది ఇదే. మన దగ్గర దాదాపు ఎవరూ వేయనిదీ ఇదే.

7. టైల్ మేస్త్రితో రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. ఒకటి, పైపు నోటికి రంధ్రం గుండ్రటి కోర్ బిట్‌తో కోయాలి. కటింగ్ మెషిన్‌తో ప్లస్ గుర్తులా కోసి చెక్కితే మూలలు ఫ్లాంజ్ దాటి బయటికి వస్తాయి. పైపు చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉంటే సిలికాన్‌కు సరిపోతుంది. రెండోది, ఫిట్టింగ్‌లు వచ్చే టైల్‌ను ఐదు ముద్దలు పెట్టి అతికించొద్దు, వెనకంతా మాలు నిండాలి. ముద్దల మధ్య డొల్లలు ఉంటే ఫ్లాంజ్ దగ్గర దిగిన నీరు టైల్ వెనక కాలవలా పారి ఎక్కడో కింద తేలుతుంది. అప్పుడు మచ్చ ఒక చోట, లీకు ఒక చోట.

ఉన్న షవర్ ఆర్మ్‌ను విప్పి మళ్లీ బిగించడం

ఇది ఎవరైనా చేసుకోగల పని. ఒక ఉదయం చాలు, ఎండ ముదిరితే సిలికాన్ మీద పొర త్వరగా కట్టేసి చేతికి లొంగదు.

గేట్ వాల్వ్ కట్టేసి, డైవర్టర్ తెరిచి పైపులో మిగిలిన నీరు వదిలేయండి. షవర్ హెడ్ తీశాక ఆర్మ్‌ను గుడ్డ చుట్టి పట్టుకుని ఎడమకు తిప్పండి. గట్టిగా బిగుసుకుని ఉంటే ఒక్కసారిగా లాగకండి. గోడ లోపల సీపీవీసీకి అతికి ఉన్న ఇత్తడి ఎల్బో కదిలిపోతే చిన్న పని పెద్ద పని అవుతుంది. ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదిలించాలి. బోరు నీళ్ల ఉప్పు మరలో పేరుకుని ఉంటే వెనిగర్ గుడ్డ చుట్టి గంటసేపు వదిలితే సడలుతుంది.

ఆర్మ్ బయటికి వచ్చాక ఎల్బో మరను టార్చ్‌తో చూడండి. మర అరిగిపోయినా, ఇత్తడి ఎర్రగా మారి పొడిపొడిగా ఉన్నా ఎన్ని చుట్లు టేపు చుట్టినా ఆగదు, ఎల్బో మార్చాల్సిందే. బాగుంటే పాత బ్రష్‌తో తోమి తుడవండి.

కంతలో పాత వైట్ సిమెంట్, పాత సిలికాన్ పూర్తిగా గీకేయాలి. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు అంటదు. ఇది చాలామందికి తెలియదు, పాతదాని మీదే కొత్తది పూసి రెండు నెలలకు ఊడొచ్చిందని ట్యూబును తిడతారు. గీకిన తర్వాత స్పిరిట్‌తో తుడిచి, ఆ కంతను ఒక రోజు ఆరనివ్వండి. తొందరుంటే హెయిర్ డ్రయ్యర్. తడి సిమెంట్‌కు సిలికాన్ పట్టదు.

టెఫ్లాన్ టేపును ఆర్మ్ మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తుండగానే ఊడి ముద్ద అవుతుంది. మన షాపుల్లో దొరికే టేపు పలచన కాబట్టి ఎనిమిది, పది చుట్లు పడుతుంది. మొదట చేతితో తిప్పి, తర్వాత గుడ్డ వేసి పానాతో, ఆర్మ్ కిందికి చూసేలా ఆపండి. దిశ కుదరలేదని వెనక్కి తిప్పితే టేపు తెగుతుంది, అప్పుడు విప్పి కొత్త టేపు చుట్టాల్సిందే.

ఇప్పుడు ఫ్లాంజ్ తొడగకుండానే, ముందు చెప్పినట్టు ఆర్మ్ చివర మూత బిగించి ఒత్తిడి పరీక్ష చేయండి. మర పొడిగా ఉంటేనే సిలికాన్ జోలికి వెళ్లాలి. సిలికాన్‌ను లీకు ఆపడానికి వాడొద్దు, అది ఒత్తిడి ముందు నిలబడదు. అది బయటి నీరు లోపలికి పోకుండా ఉండడానికే.

పైపుకు, టైల్‌కు మధ్య సందులో ముందు సిలికాన్ నింపాలి. సందు లోతుగా ఉంటే ఫోమ్ తాడు కొంచెం కుక్కి దాని మీద నింపండి. ఈ నింపుడులో కింద చిన్న ఖాళీ, అగ్గిపుల్ల పట్టేంత, వదలాలి. తర్వాత ఫ్లాంజ్ వెనక అంచుకు గుర్రపు నాడా ఆకారంలో సిలికాన్ పూసి గోడకు నొక్కండి. నాడా తెరిచిన వైపు కిందికి. ఫ్లాంజ్ మధ్య రంధ్రానికీ ఆర్మ్‌కూ నడుమ పైన సగం వరకు సన్నగా పూయండి.

కింద ఎందుకు వదలాలని మేస్త్రి తప్పకుండా వాదిస్తాడు. చుట్టూ మూసేస్తే చూడ్డానికి నీటుగా ఉంటుంది, నిజమే. కానీ రేపు లోపలి మర కారితే ఆ నీటికి ముందుకు దారి ఉండదు, గోడలోకే పోతుంది, బెడ్‌రూమ్‌లో తేలేదాకా మీకు తెలియదు. కింద వదిలితే ఫ్లాంజ్ కింద టైల్ మీద నీటి చార కనపడుతుంది. షవర్ నీరు పైనుంచి కిందికి పడుతుంది కాబట్టి ఆ చిన్న ఖాళీలోంచి లోపలికి ఎక్కేది దాదాపు ఉండదు.

సిలికాన్ రోజుకు సుమారు 2, 3 మిల్లీమీటర్ల లోతు దాకానే గట్టిపడుతుంది. కనీసం 24 గంటలు, సందు లోతుగా ఉంటే 48 గంటలు ఆ షవర్ వాడొద్దు. ఒక్క బాత్రూమే ఉన్న ఇంట్లో ఇదే పెద్ద టెన్షన్, బకెట్ స్నానం వేరే మూలన చేయమని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పుకోండి.

వాల్ మిక్సర్ కాళ్లకు, టబ్ స్పౌట్‌కు, యాంగిల్ కాక్‌లకు ఇదే పద్ధతి. మిక్సర్ నట్టుల దగ్గర రబ్బరు వాషర్ ఉంటుంది, అక్కడ టెఫ్లాన్ అవసరం లేదు, పాత వాషర్ గట్టిపడితే మార్చండి చాలు.

కన్సీల్డ్ డైవర్టర్ ప్లేటు విషయం కాస్త వేరు. ప్లేటు వెనక ఫోమ్ లేదా రబ్బరు గాస్కెట్ ఉంటుంది. ఆ గాస్కెట్ సమంగా ఉన్న టైల్ మీదే అతుక్కుంటుంది. ప్లేటు కింద నుంచి టైల్ సందు పోతుంటే, ఆ సందు గాడి గాస్కెట్ కింద చిన్న కాలవ అవుతుంది. ప్లేటు విప్పి, ఆ గాడిని టైల్ మట్టానికి సిలికాన్‌తో నింపి, ఆరాక ప్లేటు పెట్టాలి. నమూనాలు వేసిన గరుకు టైల్స్ షవర్ గోడకు ఎంచుకుంటే ఈ బాధ ఎప్పటికీ ఉంటుంది. కొనేటప్పుడే ఆ ఒక్క గోడకు నున్నటి టైల్ తీసుకోండి. ప్లేటు పైన, రెండు పక్కల సిలికాన్, కింద వద్దు.

స్క్రూలతో బిగించేవి

పెద్దవాళ్లున్న ఇంట్లో గ్రాబ్ బార్ తప్పనిసరి. దానికి ఆరు స్క్రూలు ఉంటే, టైల్‌కు ఆరు కంతలు పడినట్టు.

డ్రిల్ పెట్టే చోట మాస్కింగ్ టేపు అతికిస్తే బిట్ జారదు. టైల్ దాటేదాకా హ్యామర్ మోడ్ వద్దు, డైమండ్ బిట్‌తో నెమ్మదిగా, నీటి చుక్కలు వేస్తూ. టైల్ దాటాక ఇటుకలో మామూలు బిట్. ట్యాప్‌కు నిలువుగా పైన, కింద ఆరంగుళాల వెడల్పులో డ్రిల్ పెట్టకండి, పైపులు సాధారణంగా ఆ దారినే వెళ్తాయి. నాలుగున్నర అంగుళాల గోడ అయితే అవతలి వైపు పైపులు కూడా గుర్తుంచుకోవాలి.

రంధ్రంలోని పొడిని ఊది తీసేసి, లోపల సిలికాన్ నింపి, అప్పుడు ప్లగ్ కొట్టాలి. ప్లగ్ పోతూ పోతూ సిలికాన్‌ను చుట్టూ నెడుతుంది. స్క్రూ మరకు కూడా కొంచెం అద్ది బిగించండి. ఇంతే పని, కానీ చేసేవాళ్లు అరుదు. టవల్ రాడ్, సోప్ డిష్, హ్యాండ్ షవర్ హుక్, అన్నిటికీ ఇదే. ఎర్ర ఇటుక గోడకు మామూలు ప్లగ్ పట్టుకుంటుంది. తేలిక ఏఏసీ బ్లాకుల గోడలో గ్రాబ్ బార్‌కు మాత్రం వాటి కోసం చేసిన యాంకర్లు లేదా కెమికల్ యాంకర్ వాడాలి, మనిషి బరువు పడేది కాబట్టి.

టబ్ ఉన్న ఇళ్లకు

మన వైపు టబ్‌లు తక్కువ, ఉన్నా ఎక్కువగా యాక్రిలిక్‌వి. వీటికి మూడు చోట్ల చూడాలి.

ఓవర్‌ఫ్లో దగ్గర టబ్ గోడ ఏటవాలుగా ఉంటుంది, అందుకే దాని వాషర్ ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వస్తుంది. చాలా మోడళ్లలో మందం వైపు కిందికి రావాలి, తయారీదారు కాగితం చూసి నిర్ధారించుకోండి. ప్లంబర్ చూడకుండా తిప్పి పెడితే టబ్ నిండినప్పుడు మాత్రమే కారుతుంది. సగం నీళ్లతో స్నానం చేసేవాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు, పండక్కి వచ్చిన పిల్లలు టబ్ నింపిన రోజు బయటపడుతుంది.

అడుగున నీరు పోయే కంతకు బిగించే వేస్ట్ కప్లింగ్ కింద నూనెతో చేసిన ప్లంబర్ పుట్టీ పెట్టకండి, యాక్రిలిక్‌ను అది దెబ్బతీస్తుంది. రబ్బరు గాస్కెట్, న్యూట్రల్ సిలికాన్ చాలు.

మూడోది టబ్ అంచు గోడకు తగిలే చోట. ఖాళీ టబ్‌కు, నీళ్లు నిండిన టబ్‌కు ఎత్తులో తేడా వస్తుంది, బరువుకు అంచు కొంచెం దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు సిలికాన్ పూస్తే, నింపిన రోజే అది సాగి చిరుగుతుంది. అందుకే ముందు టబ్ ఓవర్‌ఫ్లో దాకా నింపండి. అదే ఓవర్‌ఫ్లో పరీక్ష కూడా అవుతుంది, కిందికి టార్చ్ వేసి చూడండి. నీరు అలాగే ఉంచి అంచుకు సిలికాన్ పూసి, గట్టిపడ్డాకే వదలండి. టబ్ పక్క గోడకు తలుపు లాంటి ఇన్‌స్పెక్షన్ కంత లేకుండా టైల్స్‌తో మూసేయడం మాత్రం ఒప్పుకోవద్దు.

బయటి గోడకు పోయే రంధ్రాలు

పాత నెల్లూరు ఇళ్లలో పైపులన్నీ బయటి గోడ మీదే పారించి, ట్యాప్‌కు మాత్రం ఒక్క కంత కొట్టేవాళ్లు. చూడ్డానికి బాగుండదు గానీ లీకు ఎక్కడో వెంటనే తెలిసేది. ఇప్పుడూ గీజర్ పైపులకు, ఎగ్జాస్ట్‌కు బయటికి కంతలు కొడతారు. డ్రిల్‌ను బయటి వైపుకు కొంచెం వాలుగా పెట్టండి, వాన నీరు లోపలికి జారదు. పైపు కన్నా ఒక సైజు పెద్ద పీవీసీ ముక్కను తొడుగుగా వేసి, బయటి అంచున ఎండకు ఆగే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ నింపాలి. బయట సిలికాన్‌కు రంగు పట్టదు, పీయూకు పడుతుంది.

తర్వాత చెడకుండా

యాసిడ్. మన బాత్రూములకు ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు గానీ, సముద్రం దగ్గరి ఉప్పునీళ్లు గానీ, టైల్స్ మీద తెల్లటి మరక వదులుతాయి. దాన్ని పోగొట్టాలని వారానికోసారి యాసిడ్ పోసి చీపురుతో రుద్దుతారు. మరకతో పాటు సందుల్లోని సిమెంట్ కూడా కరుగుతుంది, ఫ్లాంజ్ మీది క్రోమ్ పూత లేస్తుంది, స్టీల్ స్క్రూలకు తుప్పు పడుతుంది. పలచటి వెనిగర్‌తో తుడిచి వెంటనే కడిగేయండి, లేదా స్నానం అవ్వగానే వైపర్‌తో గోడ లాగేస్తే మరకే పట్టదు. యాసిడ్ మానలేని ఇల్లైతే షవర్ గోడ సందులకు సిమెంట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్‌తో చేసిన సందు నింపే ముద్ద) వేయించండి, ఖర్చు ఎక్కువే కానీ సిమెంట్ గ్రౌట్ కన్నా యాసిడ్‌ను చాలా బాగా తట్టుకుంటుంది.

ఏడాదికోసారి ఫ్లాంజ్‌లను వేలితో కదిపి చూడండి. కదిలితే సిలికాన్ వదిలేసినట్టు. టైల్‌ను నాణెంతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే వెనక ఖాళీ ఉంది.

ఇవన్నీ చేసినా ఒత్తిడి పరీక్షలో మర కారుతూనే ఉంటే, ఒక్క టైల్ తీసి ఎల్బో మార్చడమే దారి. బెడ్‌రూమ్ వైపు నుంచి గోడ చెక్కి పైపు చేరుకుంటే టైల్ ముట్టుకోనక్కర్లేదు. ఆ రంగు టైల్ ఇప్పుడు దొరకని ఇళ్లలో ఇదే మంచిది.

లీకు ఆగాక వెంటనే పుట్టీ పెట్టించకండి. తడి తాగిన ఇటుక గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఉబ్బిన రంగు, పుట్టీ గీకేసి గోడను తెరిచి ఉంచండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తర్వాత ఒక చదరపు అడుగు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులూ టేపుతో అంటించి రోజంతా వదలండి. తీసినప్పుడు వెనక చెమ్మ బొట్లు లేకపోతే పెయింటర్‌ను పిలవొచ్చు. నవంబరులో రిపేరు చేయించినవాళ్లు రంగు పని సంక్రాంతి దాటాక పెట్టుకుంటే మంచిది.